అభిమాన ఆటగాళ్ళ బొమ్మల కార్డులు



సెలవులొచ్చాయంటే పిల్లల నిక్కర్లు ఉతికే ముందు జేబులు తడిమి చూడాల్సిందే. గోళీలు, సీసా మూతలు, అగ్గిపెట్టె బొమ్మలు, వాటితో పాటు ఆటగాళ్ళ బొమ్మలున్న అట్టముక్కలూ బయటపడతాయి. "ఈ చెత్తంతా ఎందుకురా?" అని కసురుకుంటాం. ఆ అట్టముక్కల సంగతేమిటో, ముఖ్యంగా హాకీ ఆటగాళ్ళ బొమ్మలు కూడబెట్టే పిల్లల సంగతేమిటో ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఈ అలవాటు పుట్టింది సిగరెట్టు పెట్టెలో అంటే ఆశ్చర్యపోతారు. పెట్టె నలగకుండా లోపల ఓ అట్టముక్క పెట్టేవారు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోను, ఇంగ్లండులోను ఆ అట్టమీద ఆటగాళ్ళ బొమ్మలు అచ్చువేయడం మొదలుపెట్టారు. నాన్నలు సిగరెట్లు కాలిస్తే పిల్లలు బొమ్మలు ఏరుకునేవారు. తర్వాత సిగరెట్టు పోయి బబుల్‌గమ్ వచ్చింది. కెనడాలో మంచుమీద ఆడే హాకీకి మోజెక్కువ. అక్కడ వేన్ గ్రెట్జ్కీ అనే ఆటగాడి బొమ్మ 1979లో బబుల్‌గమ్ పొట్లంలో వచ్చింది. అందులో మచ్చలేని ఒక కార్డు 2021లో 37 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. కారణం చిన్నదే. పిల్లలు వాటిని జేబుల్లో నలిపారు, మూలలు విరిచారు. చెక్కుచెదరకుండా మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. అయితే అది కోటికొక్కటి. మన ఇంట్లో డబ్బా నిండా ఉన్న కార్డులు చూసి మేడలు కట్టుకోకూడదు.

మన దేశంలో 1980లలో బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు వచ్చేవి. నేటికీ సూర్యాపేట, మిర్యాలగూడ బజార్లలో నేను చూసినంతవరకు దుకాణాల్లో వేలాడేవి క్రికెట్ కార్డులే. మరి హాకీని మెచ్చిన పిల్లలేం చేయాలి? తమ కార్డులు తామే చేసుకోవాలి. దానికి సరుకు మనకు లోటు లేదు. 1966లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన హాకీ జట్టు గెలిచినందుకు తపాలాశాఖ బిళ్ళ వేసింది. ధ్యాన్‌చంద్ మీద 1980 డిసెంబరు 3న, ఆయన తొలి వర్ధంతినాడు, ఇంకో బిళ్ళ వచ్చింది. మన హైదరాబాదు బిడ్డ ముకేశ్‌కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్సులు మూడింటిలోనూ ఆడాడు. 1995కు అర్జున, 2003లో పద్మశ్రీ అందుకున్నాడు. పాత చిత్తూరు జిల్లా ఎనుమలవారిపల్లె అనే పల్లెటూరి నుంచి వెళ్ళి భారత మహిళల జట్టుకు గోల్‌కీపర్ అయింది ఇటిమరపు రజని. ఇహ 2021లో టోక్యోలో, 2024లో పారిస్‌లో మగవాళ్ళ జట్టు కంచు పతకాలు తెచ్చినప్పుడు పత్రికల నిండా బొమ్మలే.

కోదాడలో మా చుట్టాలింట్లో పదమూడేళ్ళ అమ్మాయి ఒకతి ఉంది. పెళ్ళిళ్ళయ్యాక మూలపడేసిన శుభలేఖల అట్టలు తీసి, రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడుగున కత్తిరిస్తుంది. కంపెనీవాళ్ళ కార్డుల కొలత కూడా అదేలెండి. ముందువైపు పత్రికలోని బొమ్మ, వెనకవైపు ఆటగాడి ఊరు, పుట్టిన తేదీ, ఆడిన పోటీలు. వాళ్ళ నాయనమ్మ చూసి, "ఆడపిల్లవు, మగపోరల బొమ్మలు నీకెందుకే?" అంది. పిల్ల రజని కార్డు తీసి, "ఇది ఆడపిల్ల బొమ్మే నాయనమ్మా, మనసొంటి పల్లెటూరి పిల్లనే" అని ఆమె చేతిలో పెట్టింది. ఆ తర్వాత హాకీ కర్ర కొనిమ్మని అడిగింది. పొరుగూళ్ళకు ఆటలకు పంపాలంటే తండ్రికి భయం. తల్లికేమో పంపాలని ఉంది. ఆ ఇంట్లో ఇంకా ఏదీ తేలలేదు. కానీ పిల్ల మనసులో ఏముందో పెద్దలకు తెలిసింది మాత్రం ఆ శుభలేఖ ముక్కలవల్లనే.

ఇక కొనే కార్డుల దగ్గర మనకు లెక్క తెలియాలి. ఒక కంపెనీ 20 రకాల బొమ్మలు వేసి, పొట్లానికొకటి చొప్పున సమానంగా కలిపి పంపిందనుకోండి. 20 పొట్లాలు కొంటే 20 బొమ్మలూ వస్తాయని పిల్లవాడి లెక్క. రావు. వచ్చినవే మళ్ళీ వస్తాయి. అన్నీ చేరాలంటే సగటున 72 పొట్లాలు కొనాలి. మొదటి పది రకాలు 13, 14 పొట్లాల్లోనే వచ్చేస్తాయి; ఆశ పుట్టేది అక్కడే. మిగతా పదింటికి 58 దాకా పడతాయి. ఆఖరి ఒక్కదానికే సగటున 20! పొట్లం 5 రూపాయలనుకున్నా మొత్తం 360 రూపాయలు. నమ్మకం లేకపోతే 20 చీటీలమీద అంకెలు వేసి, మడిచి చెంబులో వేయండి. పిల్లవాణ్ణే ఒక్కొక్కటి తీసి, రాసుకుని, మళ్ళీ అందులోనే వేయమనండి. అరగంటలో వాడికే తెలిసిపోతుంది. తిట్టినదానికంటే ఇది బాగా పనిచేస్తుంది.

దీనికి మందు కూడా పిల్లల దగ్గరే ఉంది. అది మార్పిడి. నలుగురు స్నేహితులు కలిసి ఎక్కువైనవి ఇచ్చిపుచ్చుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది, బేరమాడడం, మాట నిలబెట్టుకోవడం అలవడతాయి. కార్డులమీద పందాలు కాసే పెద్దపిల్లల జతను మాత్రం మాన్పించాలి. అది వేరే దారి.

దాచే పద్ధతి కూడా చెబుతాను. పత్రిక కాగితం ఎండకు త్వరగా పచ్చబడి పెళుసైపోతుంది, అంచేత కిటికీ దగ్గర పెట్టకండి. మైదా జిగురుకు పురుగు పడుతుంది, సెల్లోటేపు మరకలు పడుతుంది. కాగితాన్ని చిన్న త్రికోణాలుగా మడిచి నాలుగు మూలలా అంటిస్తే బొమ్మ అందులో ఇమిడిపోతుంది, కావాలంటే ఊడివస్తుంది. ఏ పత్రిక, ఏ తేదీ అన్నది అట్టవెనక పెన్సిలుతో రాయించండి. బాల్‌పెన్ను నొక్కితే ముందువైపు గీత తేలుతుంది. తపాలా బిళ్ళకు అసలు జిగురు తగలనివ్వకండి. వానాకాలంలో పెట్టెను గోడకు ఆనించకుండా పీటమీద పెట్టి, ఎండిన వేపాకు గుడ్డలో మూటగట్టి పక్కన ఉంచండి. ఆకు కాగితానికి నేరుగా తగిలితే మరకవుతుంది.

చిత్తుకాగితాలు కొనేవాడు వీధిలోకి వచ్చినప్పుడు పాత పుస్తకాలతో పాటు పిల్లల కార్డుల కట్ట కూడా తక్కెడలోకి పోతుంటుంది. మనకొచ్చేది నాలుగు రూపాయలు. వాళ్ళకు పోయేది రెండు మూడేళ్ళ శ్రద్ధ. కాబట్టి వేసేముందు పిల్లల్ని ఒక్క మాట అడగండి. వీలైతే ఓ సాయంత్రం పక్కన కూర్చుని, "ఈయనెవరు? ఏ ఊరు? నీకెందుకు నచ్చాడు?" అని అడిగి చూడండి. బళ్ళో పాఠం అప్పజెప్పని పిల్లలు కూడా అక్కడ తడుముకోకుండా చెబుతారు. ఆ జవాబులో మీ పిల్ల గురించి మీకు తెలియని సంగతి ఒకటైనా ఉంటుంది.