వార్తల్లో పదం: డ్రిప్ లాస్

కోడిమాంసం ప్యాకెట్ అడుగున చేరే ఎర్రటి నీటిని చాలామంది రక్తం అనుకుంటారు. రక్తం కోసినప్పుడే చాలావరకు పోతుంది. ఇది కండరంలోంచి ఊరిన రసం. పచ్చి మాంసంలో దాదాపు 75 శాతం నీరే. కోసిన తర్వాత కండరంలో ఆమ్లత పెరిగి, నీటిని పట్టి ఉంచే శక్తి ప్రొటీన్లకు తగ్గుతుంది. అలా కారిపోయేదే డ్రిప్ లాస్. నెమ్మదిగా గడ్డకట్టిస్తే పెద్ద మంచు స్ఫటికాలు కణాలను చీలుస్తాయి. కరిగాక రసం ఇంకా ఎక్కువగా పోయి, వండిన ముక్క పీచుపీచుగా ఉంటుంది.

బరువు, రుచి తగ్గడమే నష్టమనుకుంటే సగమే చూసినట్టు. ఆ రసంలో కరిగిన ప్రొటీన్లు, అమైనో ఆమ్లాలు సూక్ష్మజీవులకు సిద్ధాన్నం. ఫ్రిజ్ చలిలోనూ పెరిగే సూడోమొనాస్ బ్యాక్టీరియా వల్ల జిగురు, దుర్వాసన వస్తాయి. కోడిమాంసపు రసం అంటిన ఉపరితలాలకు క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా మరింతగా అతుక్కుంటుందని 2014లో బ్రిటన్‌లోని నార్విచ్ పరిశోధకులు చూపారు. ప్యాకెట్లో రసం పీల్చే ప్యాడ్ ఉందిగా అనవచ్చు. అది రసాన్ని మాంసానికి కొంత దూరం చేస్తుంది, నిజమే. కానీ మామూలు ప్యాడ్ సూక్ష్మజీవులను చంపదు. కడిగేస్తే సరిపోతుందన్న వాదన మరీ బలహీనం, తుంపరలతో అవి సింకుకీ గిన్నెలకీ పాకుతాయి. అందుకే మాంసాన్ని రసం బయటికి కారని మూతగిన్నెలో, ఫ్రిజ్ కింది అరలోనే పెట్టాలంటాను; పై అరలో ఉంటే కారే ఒక్క చుక్కా పచ్చిగా తినే కీరా, టమాటాల మీదే పడుతుంది.