ఇంట్లో పులి, వీధిలో పిల్లి

కొందరు పిల్లలు ఇంట్లో పద్యాలన్నీ గడగడా అప్పచెబుతారు. బడిలో మాస్టారు లేపి నిలబెట్టి అడిగితే మాత్రం నోట మాట రాదు. అలాంటివాళ్ళను చూసి పెద్దలు "ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అని నవ్వుతారు. కంప్యూటరు ప్రోగ్రాములలో కూడా ఇలాంటి పులులు ఉన్నాయంటే మీరు నమ్ముతారా? పిల్లవాడంటే సిగ్గుపడ్డాడని సరిపెట్టుకోవచ్చు. ప్రాణం లేని ప్రోగ్రాముకు సిగ్గేమిటి?

ఒక సంగతి ఊహించుకోండి. మీ పాఠశాల గ్రంథాలయం కోసం మీరొక వెబ్‌సైటు తయారు చేశారు. అందులో పుస్తకాల పేర్లు తెలుగులో కనిపిస్తాయి. పక్కనే అట్టల బొమ్మలు ఉంటాయి. కావలసిన పుస్తకాన్ని వెతుక్కుని, ఇంటి నుంచే తమ పేరున రాయించుకోవచ్చు. గడువు 14 రోజులు. ఆ తరువాత రోజుకు ఒక రూపాయి ఫైను. మీ ఇంటి కంప్యూటరులో పదిసార్లు పరీక్షించి చూశారు. ఎక్కడా తప్పు లేదు. సంతోషంగా దాన్ని ఒక సర్వరు మీదికి ఎక్కించారు.

సర్వరు అంటే వింత యంత్రమేమీ కాదు. రాత్రింబవళ్ళు మేలుకుని ఉండి, ఎవరు అడిగితే వారికి పేజీలు అందించే మరో కంప్యూటరు, అంతే. తరచుగా దానికి తెర గాని, కీబోర్డు గాని ఉండవు. ఎక్కడో వేల కిలోమీటర్ల దూరాన ఒక బీరువాలో ఉంటుంది.

మరునాడు ఏం జరిగింది? సగం పుస్తకాలకు అట్టల బొమ్మలు లేవు. తెలుగు పేర్లున్న చోట వరుసగా ప్రశ్నార్థకాలు! మీ స్నేహితుని ఫోనులో వెతికితే ఏమీ దొరకడం లేదు. ఇవన్నీ ఒక ఎత్తు. రెండు వారాల తరువాత మీ తరగతి అమ్మాయి ఒకతె కళ్ళనీళ్ళు పెట్టుకుని వచ్చింది. "నేను సరిగ్గా గడువు రోజునే పుస్తకం తిరిగి ఇచ్చాను. నా పేరున రూపాయి ఫైను పడింది. అబద్ధం ఆడుతున్నానంటున్నారు" అంది. రూపాయి సంగతి అటుంచండి, మాట పోయింది కదా!

ఇలాంటప్పుడు ప్రోగ్రాములు రాసేవాళ్ళ నోట మొదట వచ్చే మాట ఒకటుంది: "మా ఇంట్లో బాగానే పనిచేసిందే!" ఆ మాట నిజమే. కాని చాలామంది దాన్ని తప్పించుకోవడానికి వాడుకుంటారు. నా ఉద్దేశంలో అది ఒక ఆధారం. ప్రోగ్రాము ఒకటే, ఫలితాలు రెండు. అంటే తేడా ప్రోగ్రాము చుట్టూ ఉన్నదానిలో ఉండాలి. ఒకే వడ్ల విత్తనం నల్లరేగడిలో ఒకలాగా, ఇసుక నేలలో ఒకలాగా మొలవదూ? ప్రోగ్రాముకూ అలాంటి నేల ఒకటుంటుంది. సర్వరు దగ్గర ఆ నేలలో ఏమేం మారాయో వెతుకుదాం.

మొదట అట్టల బొమ్మలు. మీ కెమెరా తీసిన ఫోటో ఫైలు పేరు చివర ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఉన్నాయి. మీ ప్రోగ్రాములో మీరు చిన్న అక్షరాలు రాశారు. ఇంట్లో ఉన్నది విండోస్ కంప్యూటరు. ఫైలు పేర్ల విషయంలో అది మామూలుగా పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా చూడదు. సర్వరులో ఎక్కువగా ఉండేది లినక్సు. దానికి ఆ రెండూ వేరు వేరు పేర్లు. "అలాంటి ఫైలు లేదు" అంటుంది. ఫైలు కళ్ళ ముందే ఉంది, అయినా లేదంటుంది! పేర్లన్నీ చిన్న అక్షరాలలోనే పెట్టుకుంటే ఈ పేచీ ఉండదు.

ఇక ప్రశ్నార్థకాల కథ. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. యూనికోడ్ అనే ప్రపంచ పట్టికలో మన 'అ' అక్షరానికి ఇచ్చిన సంఖ్య 3077. ఒక బైట్‌లో 255 వరకే పడుతుంది కనుక, ఈ సంఖ్యను ముక్కలు చేయాలి. యు.టి.ఎఫ్.-8 అనే పద్ధతిలో అది 224, 176, 133 అనే మూడు బైట్లు అవుతుంది. రాసినవాడూ చదివేవాడూ ఇద్దరూ ఈ పద్ధతినే పాటిస్తే 'అ' మళ్ళీ 'అ' గానే కనిపిస్తుంది. చదివేవాడు "ఒక్కొక్క బైటు ఒక్కొక్క అక్షరం" అనుకుంటే, ఒక 'అ'కు బదులు మూడు ఐరోపా గుర్తులు కనిపిస్తాయి. ఇదంత ప్రమాదం కాదు. లోపల బైట్లు క్షేమంగానే ఉన్నాయి. చదివే పద్ధతి మార్చితే చాలు.

ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం సంగతి వేరు. సర్వరులోని డేటాబేసును ఐరోపా అక్షరాలకు మాత్రమే సరిపడేట్లు అమర్చి ఉంటారు. దానికి పట్టని అక్షరం వచ్చినప్పుడల్లా అది ప్రశ్నార్థకం రాసుకుని, అసలు అక్షరాన్ని పారేసింది. ఇక ఏ పద్ధతిలో చదివినా అది తిరిగి రాదు. డేటాబేసును సరిచేసి, పేర్లన్నీ మళ్ళీ ఎక్కించవలసిందే. అందుకే కొత్త చోట మొట్టమొదట ఒక్క తెలుగు పేరు ఎక్కించి, తిరిగి చదివి చూడడం మంచిది. వెయ్యి పేర్లు ఎక్కించాక చూస్తే ఏడుపే మిగులుతుంది.

మీ స్నేహితుని ఫోనులో వెతుకులాట ఎందుకు పనిచేయలేదు? ఇది తమాషా అయిన తప్పు. ప్రోగ్రాము రాసేటప్పుడు మీరు "పుస్తకాల జాబితాను లోకల్‌హోస్ట్‌ని అడుగు" అని రాశారు. లోకల్‌హోస్ట్ అంటే "ఈ యంత్రమే" అని అర్థం. దాని చిరునామా 127.0.0.1. ఇది 'నేను' అనే మాట లాంటిది. ఎవరు పలికితే వారినే సూచిస్తుంది. "నిఘంటువు ఇక్కడే, ఈ ఇంటి అలమరలో ఉంది, తీసి చూసుకో" అని ఒక చీటీ రాసి విజయనగరంలోని స్నేహితునికి పోస్టు చేశారనుకోండి. అతను ఏ అలమర వెతుకుతాడు? తన ఇంటిదే! మీ పేజీ అతని ఫోనుకు చేరాక, వెతికే భాగం ఆ ఫోనులోనే నడుస్తుంది. అక్కడ "ఈ యంత్రం" అంటే ఆ ఫోనే. దానిలో పుస్తకాల జాబితా ఎక్కడిది? మీ ఇంట్లో మాత్రం పేజీ, జాబితా రెండూ ఒకే కంప్యూటరులో ఉన్నాయి కనుక తప్పు దాగి ఉండిపోయింది. లోకల్‌హోస్ట్‌కు బదులు సర్వరు చిరునామా రాయాలి.

ఇదంతా పిల్లల ఆట వ్యవహారమనుకోకండి. 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుంచి ఏరియన్-5 అనే కొత్త రాకెట్టును మొదటిసారిగా ప్రయోగించారు. సుమారు 40 సెకన్లలో అది ముక్కలైపోయింది. దాని గమనాన్ని లెక్కించే ప్రోగ్రాము కొత్తది కాదు. ఏరియన్-4 రాకెట్టులో చక్కగా పనిచేసినదే! అందులో ఒక విలువను 32,767 దాటకూడని చిన్న గడిలోకి సర్దుతారు. పాత రాకెట్టు వేగానికి ఆ గడి సరిపోయింది. కొత్త రాకెట్టు అడ్డంగా కదిలే వేగం ఎక్కువ. సంఖ్య గడిలో పట్టలేదు, లెక్క ఆగిపోయింది. ముందు జాగ్రత్తకోసం రెండవ యంత్రం కూడా ఉంచారు. అందులోనూ అదే ప్రోగ్రాము ఉంది కనుక అదీ అలాగే ఆగిపోయింది. ప్రోగ్రాము మారలేదు. దాని నేల మారింది.

మళ్ళీ మన గ్రంథాలయానికి వద్దాం. ఇంట్లో మీరు యజమాని. మీ ప్రోగ్రాము ఏ ఫోల్డరులోనైనా రాసుకోగలదు. సర్వరులో దానికి అతిథి మర్యాదలే. అనుమతి ఇచ్చిన ఫోల్డరులో తప్ప చేయి పెట్టరాదు. ఇంట్లో మీరొక్కరే వాడి చూశారు. సర్వరు దగ్గర ఇద్దరు ఒకే క్షణంలో ఒకే పుస్తకాన్ని అడగవచ్చు. ప్రోగ్రాము మొదట "పుస్తకం ఉందా?" అని చూస్తుంది, తరువాత పేరు రాస్తుంది. ఈ రెండు పనుల నడుమ ఉన్న రవ్వంత సందులో రెండవవారు కూడా "ఉందా?" అని అడిగితే, ఇద్దరికీ "ఉంది" అనే జవాబు వస్తుంది. రెండు కౌంటర్లలో ఇద్దరు గుమాస్తాలు ఒకే బెర్తును ఇద్దరికి అమ్మినట్లవుతుంది. చూడడం, రాయడం విడదీయరాని ఒకే పనిగా చేయమని డేటాబేసుకు చెప్పాలి.

దూరం సంగతి కూడా చెప్పుకోవాలి. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 10,000 కిలోమీటర్ల దూరంలోని సర్వరుకు పోయి రావడానికి సెకనులో పదోవంతు. ఒక ప్రశ్నకైతే ఎవరికీ తెలియదు. మీ పేజీ 30 ప్రశ్నలను ఒకదాని తరువాత ఒకటిగా అడిగితే? 3 సెకన్లు! ఇంట్లో ఇది కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది.

ఇంతకీ ఆ అమ్మాయి ఫైను మాటేమిటి? అది అన్నిటికంటే మొండిది. ఎందుకంటే ఎక్కడా ఏదీ చెడిపోయినట్లు కనిపించలేదు. మిగిలినవారందరికీ లెక్క సరిగ్గానే వచ్చింది.

ఇలాంటి చోట ఊహలు కట్టిపెట్టి ఆధారాలు చూడాలి. ప్రతి సర్వరూ ఒక దినచర్య రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. ఎవరు ఎప్పుడు ఏం అడిగారు, తాను ఏం జవాబిచ్చింది అన్నీ అందులో ఉంటాయి. 404 అని ఉంటే అడిగినది దొరకలేదని, 403 అని ఉంటే అనుమతి లేదని, 500 అని ఉంటే తన లోపలే ఏదో తప్పిందని అర్థం. బొమ్మలు కనిపించని రోజున ఈ దినచర్య తెరిచి ఉంటే వరుసగా 404లు కనిపించేవి. ఆ అమ్మాయి పేరున్న వరుసను ఇప్పుడు తెరవండి. ఆమె జూలై 10 తెల్లవారుజామున 5 గంటలకు, చదువుకోవడానికి లేచి, ఫోనులో పుస్తకం రాయించుకుంది. దినచర్యలో ఏముంది? జూలై 9, రాత్రి 11.30!

మీరు భూగోళంలో చదివే ఉంటారు. మన దేశపు కాలాన్ని 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి లెక్కిస్తాం. అది మన కాకినాడకు సమీపం నుంచే పోతుంది. భూమి 15 డిగ్రీలు తిరగడానికి ఒక గంట. కనుక మనం సున్నా రేఖాంశం కాలానికి 5½ గంటలు ముందున్నాం. సర్వర్ల గడియారాలను చాలా చోట్ల ఆ సున్నా రేఖాంశపు కాలానికే అమరుస్తారు. అమ్మాయి లెక్కలో గడువు 10కి 14 కలిపితే 24. సర్వరు లెక్కలో 9కి 14 కలిపితే 23. ఆమె 24న ఉదయం 10 గంటలకు పుస్తకం ఇచ్చింది. సర్వరుకు అప్పుడు 24వ తేదీ ఉదయం 4.30. ఒక రోజు ఆలస్యం, ఒక రూపాయి ఫైను! 5.30 తరువాత లేచినవాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. పెందలాడే లేచినందుకు శిక్ష అన్నమాట! మీ ఇంటి కంప్యూటరు గడియారం మన కాలంలోనే ఉంటుంది కనుక, అక్కడ ఎన్నిసార్లు పరీక్షించినా ఈ తప్పు బయటపడదు.

ఇది మీరే చేసి చూడవచ్చు. తెల్లవారుజామున 5.30 లోపు లేచి, ఫోనులో కాలమండలాన్ని ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌కు మార్చండి. తేదీ ఒకటి వెనక్కి పోతుంది. తరువాత మళ్ళీ మార్చడం మరవకండి, లేకపోతే బడికి ఆలస్యమవుతుంది.

తప్పులు సరిచేసేటప్పుడు ఒక్క నియమం పాటించండి. ప్రయోగశాలలో మాదిరిగా ఒకసారికి ఒకటే మార్చండి. ఐదు మార్పులు ఒక్కసారే చేసి, పేజీ బాగుపడితే, ఏది బాగుచేసిందో మీకెలా తెలుస్తుంది? సరిచేసినా ఏమీ మారనట్లుంటే కంగారుపడకండి. బ్రౌజరు పాత పేజీని దాచుకుని అదే చూపిస్తూ ఉండవచ్చు. దాచుకున్నదాన్ని తుడిచి మళ్ళీ తెరవండి.

అసలు నేలనే ప్రోగ్రాముతో పాటు మోసుకుపోతే ఎలా ఉంటుంది? ఓడల వ్యాపారంలో ఈ ఆలోచన ముందే వచ్చింది. 1956లో అమెరికాలో మాల్కం మెక్లీన్ అనే ఆయన సరుకును విడివిడిగా కాక, 58 పెద్ద పెట్టెలలో సర్ది, ఐడియల్-ఎక్స్ అనే ఓడ మీద న్యూయార్క్ పక్కనున్న నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. ఓడ మారినా, లారీ మారినా పెట్టె విప్పనక్కరలేదు. ప్రోగ్రామునూ దానికి కావలసిన సామగ్రినీ ఇలాగే ఒక పెట్టెలో కట్టే పద్ధతులున్నాయి. 2013లో వచ్చిన డాకర్ వాటిలో బాగా వ్యాపించింది. దీనితో అక్షరాల పేచీలు, ఫైళ్ళ పేచీలు చాలావరకు తీరుతాయి. జనం రద్దీ, దూరం మాత్రం పెట్టెలో పట్టవు.

ఇక గడియారం. సర్వరు ముల్లును 5½ గంటలు ముందుకు తిప్పేద్దామని మీకు తోచవచ్చు. ఆ పని చేయకండి. ఆ గడియారాన్ని నమ్ముకున్న ఇతర ప్రోగ్రాములు తికమక పడతాయి. సర్వరు తన కాలంలోనే రాసుకోనివ్వండి. "ఈ రోజు తేదీ ఏమిటి?" అని అడిగే చోట మాత్రం భారత కాలంలోకి మార్చి లెక్కించమని ప్రోగ్రాములో రాయండి. తరువాత పాత దినచర్య అంతా ఒకసారి తిరగెయ్యండి. సర్వరు గడియారం ప్రకారం సాయంత్రం 6.30కీ అర్ధరాత్రికీ మధ్య నమోదైన పేర్లన్నీ వేరే కాగితం మీద రాసుకోండి. వాళ్ళలో ఫైను కట్టినవాళ్ళు ఎవరో చూసి, ఆ కాగితాన్ని లైబ్రేరియనుగారికి ఇవ్వండి. ఆ అమ్మాయి రూపాయి ముందుగా తిరిగి ఇప్పించండి.