గారపళ్ళు ఎందుకు తెల్లబడవు?

ఇటుకపొడి, కచ్చిక, ఉప్పు, నిమ్మచెక్క - పళ్ళు తెల్లబడాలని మన ఇళ్ళలో చేయని ప్రయత్నం లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మాత్రం ఎంత తోమినా పసుపు, గోధుమరంగు చారలు పోని పిల్లలు మీకు కనిపిస్తారు. సరిగా తోముకోరని వాళ్ళను కోప్పడటం అన్యాయం. ఆ మచ్చ పన్ను పైన అంటుకున్నది కాదు, పన్నులోనే ఉన్నది!

ఇక్కడి గ్రానైటు రాళ్ళలోని ఫ్లోరైడ్ బోరునీటిలోకి కరిగి వస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీరు తాగరాదు. పాలపళ్ళు ఊడకముందే శాశ్వత దంతాలు దవడలో తయారవుతుంటాయి. సుమారు 8 ఏళ్ళలోపు ఆ నీళ్ళే తాగితే వాటి పింగాణి పొర సరిగా గట్టిపడదు. పన్ను సుద్దలా పాలిపోయి మొలుస్తుంది. తర్వాత గోధుమరంగు పడుతుంది.

మరి ఇటుకపొడితో రుద్దితే? అందులోని ఇసుక పింగాణికన్నా గట్టిది. చార పోదు, పొర అరుగుతుంది. నిమ్మపులుపు దాన్ని కరిగిస్తుంది. పోయిన పింగాణి మళ్ళీ పెరగదు. టీ మరకల సంగతి వేరు. మెత్తని బ్రష్షుతో, బఠాణీగింజంత పేస్టుతో రోజూ రెండుసార్లు తోమితే తగ్గుతాయి. ఫ్లోరైడ్ చారలను దంతవైద్యుడే సరిచేయాలి.

నీళ్ళు మరగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. 1970లలో నాగపూర్‌లోని నీరి శాస్త్రజ్ఞులు బోరునీటిలో పటిక, సున్నం కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైతేట తీసుకునే పద్ధతి రూపొందించారు. విదేశాల్లోనూ దాని పేరు 'నల్లగొండ పద్ధతి'! తర్వాత మిషన్ భగీరథ గొట్టాల్లో కృష్ణ నీళ్ళు వచ్చాయి. మీ ఇంట్లో చిన్న చెల్లెలుంటే, తాగడానికీ వంటకూ ఆ నల్లా నీళ్ళే పట్టండి. ఆమె పళ్ళు ఇంకా తయారవుతూనే ఉన్నాయి.