కాముని పున్నమయా? హోలికా పూర్ణిమయా?



మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములయందు నివసించు గృహస్థులు ఫాల్గుణమాసము సమీపించినప్పుడెల్ల నన్నొక సందేహము అడుగుచుందురు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట, రాతిగుట్టల నడుమనున్న ఈ పల్లెలు మహానగరములో కలిసిపోయినవి. దేశపు నలుమూలలనుండి ఉద్యోగులు వచ్చి ఒకే ప్రహరీలోపల కాపురముండుచున్నారు. పండుగరాత్రి ఆ ఆవరణలో కట్టెలప్రోవు మాత్రము ఒక్కటే. కాన్పూరునుండి వచ్చినవారు దానిని హోలికా దహనమందురు. కరీంనగరము వైపు పల్లెనుండి మనుమల చెంతకు వచ్చిన ఒక అవ్వ "కాముని గాల్చే మంటకు ప్రహ్లాదుని కథేంది అయ్యగారూ?" అని నన్నే నిలదీసినది. ఆ సముదాయముననే ఒక యేడు మాటమీద మాట పెరిగి, మంటయే వేయక మానినారు. కోలలు పట్టుకొని వచ్చిన పిల్లలు ఊరక వెనుదిరిగిరట. అది విని నాకు మిక్కిలి బాధ కలిగినది. కావున ఈ విషయమును కొంత విచారింతము.

మన కథ మీరెరిగినదే. తారకాసురునకు శివపుత్రునిచేత తప్ప మరణము లేదు. శివుడో తపస్సులో నున్నాడు. దేవతల ప్రేరణచే మన్మథుడు పూలబాణము సంధించెను, స్వామి మూడవ కన్ను తెరచెను, కాముడు భస్మమయ్యెను. అయితే కథ అంతటితో ముగియలేదు. రతీదేవి విలపించినది. కాముడు దేహము లేనివాడై, అనంగుడను పేర మరల లోకమున నిలిచెను. కాలినవాడే లోకమునకు కావలసినవాడగుట ఇందలి విశేషము. నాకు దీనియందే మక్కువ ఎక్కువ, దాచనేల?

ఈ ఘట్టమును శ్రీనాథ మహాకవి హరవిలాసమున వర్ణించినాడు. ఆ కావ్యమును అంకితము పొందిన అవచి తిప్పయ్యసెట్టి, కొండవీటి కుమారగిరిరెడ్డి జరిపించిన వసంతోత్సవములకు కర్పూరాది సుగంధద్రవ్యములు సమకూర్చిన వర్తకుడు. ఆ రాజునకు కర్పూర వసంతరాయడని బిరుదు. ఆరువందల యేండ్లకు పూర్వమే తెలుగు రాజధానిలో వసంతపు ఆటలు సాగినవి. రంగులాట ఉత్తరాదినుండి నిన్న మొన్న దిగుమతియైనదని ఈసడించువారు దీనిని గమనింతురు గాక.

తెలంగాణ పల్లెలలో పున్నమికి ముందునుండియే పిల్లలు కోలలు కొట్టుచు, జాజిరి పాటలు పాడుచు, ఇంటింట తిరిగి కట్టెలు, పిడకలు ప్రోగుచేయుదురు. లంబాడీ తండాలలో స్త్రీపురుషులు కూడి ఆడిపాడుదురు. నిజామాబాదు జిల్లా హున్సా గ్రామమున ఊరివారు రెండు పక్షములై, నడుమ తాడు నుంచుకొని, పిడిగుద్దులాట ఆడుదురు. గ్రుద్దుకొన్నవారే పిమ్మట కౌగిలించుకొందురు. కర్నూలు జిల్లా ఆదోని చెంతనున్న సంతెకుడ్లూరులో పురుషులు చీరలు కట్టి, నగలు పెట్టుకొని, రతీమన్మథులకు పూజ చేయుదురు. ఇక శ్రీకూర్మమున, సింహాచలమున స్వామికి డోలోత్సవము. ఒడిశాలోను, వంగదేశమునను రాధాకృష్ణులను ఉయ్యాలలో ఊపు దోలయాత్రయు ఈ పున్నమినాడే. 1486లో చైతన్య మహాప్రభువు జన్మించినదియు ఈ తిథియే.

ఇక హోలిక. ఆమె హిరణ్యకశిపుని సోదరి. అగ్ని తన్ను దహింపదను వరబలముతో ప్రహ్లాదుని ఒడిలో నిడుకొని మంటలో కూర్చుండి, తానే కాలిపోయినదని ఉత్తరదేశపు కథ. ప్రహ్లాదుని అగ్నిలో త్రోయించిన మాట భాగవత సప్తమస్కంధమున గలదు గాని, అందు హోలిక పేరు కానరాదు. పోతనగారి ప్రహ్లాద చరిత్రమునను లేదు. ఆ పద్యములు వినుచు పెరిగిన తెలుగువారికి ఈ మంటకును ప్రహ్లాదునకును ముడి తోపకపోవుట సహజమే. అంతమాత్రమున ఇరుగుపొరుగువారి ఆచారము అశాస్త్రీయమనరాదు. భవిష్యపురాణమున మూడవ కథ యొకటి ఉన్నది. రఘుమహారాజు కాలమున ఢుంఢ యను రాక్షసి పిల్లలను బాధింపగా, మంట వేసి, పిల్లలు బిగ్గరగా నవ్వుచు, కేకలు వేయుచు దానిని తరిమిరట. ఇందు కాముడును లేడు, హోలికయు లేదు. ఉన్నది పిల్లల కేకలు. మన జాజిరి పిల్లలు నాకు ఇందే కనబడుదురు.

వాదమునకు సైతము ఈ పండుగలో చోటున్నది సుమండీ! తమిళదేశమున తంజావూరు ప్రాంతపు కామన్ పండుగలో, కాముడు కాలెనని ఒక పక్షము, కాలలేదని వేరొక పక్షము లావణి పాటలతో వాదించుకొందురు. అయినను అక్కడ మంట మానుకొనరు.

ఆ సముదాయమువారికి నేను చెప్పినది ఇంతే: మంట ఒక్కటే వేయుడు, కథలు రెండును చెప్పించుడు. ముందెవరు చెప్పవలెనని మరల చిన్న తగవు వచ్చినది. వయసులో పెద్దదగుటచే అవ్వకే తొలి అవకాశము దక్కినది. ఆమె కథకంటె పాటయే ఎక్కువ చెప్పినది. కాన్పూరు పిల్లలకు అర్థము తెలియకున్నను కోలలు మాత్రము బాగుగ కలిసినవి.

రంగులాటను గూర్చి ఒక్క మాట. ఇష్టము లేనివారిపై రంగు చల్లరాదు. పెద్దలు చెప్పుటయే గాక పోలీసువారును ఏటేట ఈ మాట చెప్పుచున్నారు. బజారు రంగులకు బదులు ఈ దినములలోనే పూచు మోదుగుపూలను తెప్పించుకొనుడు. పూలను నీటిలో మరిగించి, రాత్రియంతయు అట్లే యుంచి, తెల్లవారిన పిమ్మట పలుచని బట్టతో వడకట్టవలెను. నీరు నారింజవన్నెకు తిరుగును.