జేబులో వెన్నెల

మా డిపార్టుమెంటులో నాకొక మారుపేరు వుంది. నా ఎదుట ఎవరూ అనరు గానీ, వరండాలో నడుస్తుంటే చెవిన పడకపోలేదు. "టార్చిలైటు మాస్టారు" అట! కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త సంతోషమే కలిగింది. ఆ పేరులో అబద్ధం లేదు మరి. ఎడమ జేబులో చేతిరుమాలు, పై జేబులో పెన్ను ఎలాగో, కుడి జేబులో చూపుడువేలంత టార్చిలైటు ఒకటి ఎప్పుడూ వుంటుంది. ఇంట్లో అలమరలో మరో ముప్ఫైనాలుగు వున్నాయి.

విద్యార్థి సంఘం వారు వార్షిక సంచికకు ఏదైనా రాసిమ్మని వచ్చినప్పుడు, వారిలో ఒకమ్మాయి నవ్వు ఆపుకుంటూ అడిగింది: "సెల్లులో లైటుంది కదా సార్, మళ్ళీ ఇదెందుకు?" న్యాయమైన ప్రశ్న. మా చిన్నతనంలో సెల్లంటే టార్చిలో వేసే బ్యాటరీ. ఇప్పుడు సెల్లంటే ఫోను. మాట అర్థం మారింది గానీ చీకటి మాత్రం ఏమీ మారలేదు. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

చిన్నాన్న టార్చి

1986 సంగతి. నేను తొమ్మిదో తరగతి. ఆ రోజుల్లో మా వూళ్ళో వ్యవసాయం మోటార్లకు కరెంటు అర్ధరాత్రి దాటాక వచ్చేది. వచ్చిందని తెలియగానే లేచి, పొలం గట్లమీద నడిచి వెళ్ళి మోటారు వేసి రావాలి. మా చిన్నాన్న దగ్గర రెండు సెల్లుల ఇత్తడి టార్చి వుండేది. సెల్లుల ఖరీదు తక్కువేం కాదు. అందుకని లైటు వేసీ వెయ్యనట్టు వేసేవాడు. నీరసపడిన సెల్లుల్ని పగలంతా ఎండలో పెట్టి, "ఇంకో రెండు రోజులు లాగుతాయిరా" అనేవాడు.

ఆ రాత్రి టార్చి ఆయన చేతిలోనే వుంది. వెలగలేదు. అరచేతిలో రెండుసార్లు కొట్టి చూశాడట, ఎర్రగా ఒక్కసారి మినుకుమని ఆరిపోయింది. తెలిసిన గట్టే కదా అని అడుగు వేశాడు. రక్తపింజర. ప్రాణం దక్కింది గానీ నెలన్నర ఆసుపత్రిలో వున్నాడు, కుడి కాలి బొటనవేలు పోయింది. మర్నాడు ఆ టార్చి విప్పి చూసింది నేనే. అడుగు సెల్లు వుబ్బి, కారి, స్ప్రింగు పచ్చగా చిలుము పట్టి వుంది.

తర్వాత ఈ కళాశాలలోనే భౌతికశాస్త్రం చదివాక, ఆ రాత్రి ఏం జరిగిందో నాకు అర్థమైంది. ఆ రకం సెల్లులో బయటి డబ్బాయే జింకు. కరెంటు ఇవ్వటమంటే ఆ డబ్బా లోపలినుంచి కరిగిపోవటమే. వాడిన కొద్దీ గోడ పలచబడి చిల్లు పడుతుంది, లోపలి తడి బయటికి వస్తుంది. ఎండలో పెడితే వేడికి లోపలి రసాయన చర్య తాత్కాలికంగా చురుకవుతుంది. అంటే సెల్లు బలపడదు, మిగిలిన కాస్త బలాన్నీ త్వరగా ఇచ్చేస్తుంది. మనం దాన్ని ప్రాణం రావటం అనుకుంటాం.

కాగితపు గొట్టం నుంచి

చేత్తో పట్టుకుని తిరిగే దీపం కావాలంటే ముందు ఒలకని బ్యాటరీ కావాలి. 1866 నాటి లెక్లాంషే సెల్లు గాజు పాత్రలో ద్రవంతో వుండేది. బల్ల మీద పనికొస్తుంది గానీ జేబులో పనికిరాదు. 1886లో జర్మనీకి చెందిన కార్ల్ గాస్నర్ ఆ ద్రవాన్ని ముద్దగా చేసి జింకు డబ్బాలో బిగించి పేటెంటు తీసుకున్నాడు. అదే డ్రై సెల్లు.

1899 జనవరి 10న న్యూయార్కులో డేవిడ్ మిసెల్ అనే ఆయనకు గొట్టంలాంటి చేతి దీపంమీద అమెరికా పేటెంటు వచ్చింది. కాగితపు గొట్టం, ఒక చివర బల్బు, దాని వెనక ఇత్తడి రిఫ్లెక్టరు, లోపల వరసగా సెల్లులు. ఆ హక్కు కాన్రాడ్ హ్యూబర్ట్ అనే రష్యను వలసదారు నడిపే కంపెనీకి దక్కింది. ఆ కంపెనీయే తర్వాత ఎవరెడీ పేరుతో ప్రసిద్ధికెక్కింది. మొదట కొన్నింటిని న్యూయార్కు పోలీసులకు వూరికే ఇచ్చి వాళ్ళచేత మెప్పు పొందారు. ఆనాటి సెల్లు ఏకబిగిన కరెంటు ఇవ్వలేకపోయేది. నొక్కి, క్షణం వెలిగించి వదలాలి. అమెరికాలో దాన్ని "ఫ్లాష్‌లైట్" అనటానికి కారణం అదే. అంటే వెలుగును పొదుపు చేసింది మా చిన్నాన్న ఒక్కడే కాదన్నమాట.

తర్వాత టంగ్‌స్టను తీగ వచ్చింది. 1979లో అమెరికాలో మ్యాగ్‌లైట్ అనే గట్టి అల్యూమినియం టార్చి, 1984లో దాని చిన్న తమ్ముడు మినీ మ్యాగ్‌లైట్ వచ్చాయి. రెండు పెన్సిలు సెల్లులతో పనిచేసే ఆ చిన్నది రాగానే, టార్చి అనేది గూటిలో పెట్టుకునే వస్తువు కాక జేబులో పెట్టుకునే వస్తువయింది.

అసలు విప్లవం మాత్రం ఎల్.ఇ.డి. వల్ల వచ్చింది. ఎర్ర ఎల్.ఇ.డి. 1962 నుంచే వుంది. నీలిరంగుది సాధించటానికి మరో ముప్ఫై ఏళ్ళు పట్టింది. నీలి వెలుగు మీద పచ్చటి ఫాస్ఫరు పూత పూస్తే తెల్లని వెలుగు వస్తుంది. ఆ నీలిదాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. చిన్నాన్న టార్చి బల్బు వాటు కాస్త పైన కరెంటు తిని సుమారు 10 ల్యూమెన్ల వెలుగు ఇచ్చేది. తిన్నదంతా వేడికే పోయేది. ఈనాటి మంచి ఎల్.ఇ.డి. అదే వాటుకు దాదాపు 100 ల్యూమెన్లు ఇస్తుంది. వేలెడంత టార్చి సాధ్యమయింది ఈ లెక్క వల్లనే.

డబ్బా మీది అంకెలు

టార్చి కొనబోతే డబ్బా మీద పెద్ద పెద్ద అంకెలు కనబడతాయి. వాటిని చదవటం తెలిస్తే మోసపోము. 2009లో అమెరికాలో ఎఫ్.ఎల్.1 అనే ప్రమాణం ఏర్పడింది. పేరున్న తయారీదారులు దాన్నే పాటిస్తారు.

ల్యూమెను అంటే టార్చి నుంచి వచ్చే మొత్తం వెలుగు. క్యాండెలా అంటే ఒక దిక్కున ఆ వెలుగు ఎంత చిక్కగా వుందన్నది. కుండెడు నీళ్ళను వాకిట్లో కళ్ళాపి చల్లవచ్చు, గొట్టంతో ఒక మొక్క మొదట్లో పొయ్యవచ్చు. నీళ్ళు అవే. ఇంట్లో, మెట్ల మీద కళ్ళాపి వంటి వెలుగు కావాలి. గట్టు మీద దూరం చూడాలంటే గొట్టం వెలుగు కావాలి.

దూరానికీ ఒక లెక్క వుంది. టార్చి వెలుగు 0.25 లక్సుకు తగ్గే చోటును దాని దూరంగా రాస్తారు. 0.25 లక్సు అంటే సుమారుగా నిండు పున్నమి నాటి వెన్నెల. క్యాండెలాకు వర్గమూలం కట్టి రెండింతలు చేస్తే మీటర్లు వస్తాయి. 2,500 క్యాండెలాకు 100 మీటర్లు. 200 మీటర్లు కావాలంటే 5,000 చాలదు, 10,000 కావాలి. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతవుతుందని ఇంటర్మీడియెట్‌లో మీరు బట్టీపట్టిన సూత్రమే ఇది. అయితే వెన్నెల్లో మనిషి ఆకారం తెలుస్తుంది గానీ పాము తెలియదు. కాబట్టి రాసిన దూరంలో సగాన్నే నమ్మండి.

"10 గంటలు వెలుగును" అన్నది ఇంకొక చమత్కారం. మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేదాకా కట్టిన లెక్క అది. ఎక్కువ వెలుగిచ్చే చిన్న టార్చి కొద్ది నిమిషాల్లో వేడెక్కి తనంత తానే తగ్గిపోతుంది. 1,000 ల్యూమెన్లకు మురిసిపోవటం కంటే, 100 ల్యూమెన్లు ఎంతసేపు ఇస్తుందో చూసుకోవటం తెలివైన పని.

ఏ సెల్లు?

పెన్సిలు సెల్లు, దానికన్నా సన్నటిది ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. అల్కలైన్ రకం బలమైనదే గానీ, మరిచిపోయి వదిలేస్తే అదీ కారుతుంది. మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు 1.2 వోల్టులే అయినా, కారటం బాగా తక్కువ. రోజూ వాడేవారికి అది మేలు.

18650 అనే లిథియం అయాన్ సెల్లు పేరులోనే కొలత వుంది: అడ్డం 18 మిల్లీమీటర్లు, పొడవు 65. దాని వోల్టేజి 3.7. ఒక మంచి 18650లో మూడు నాలుగు పెన్సిలు సెల్లులంత శక్తి వుంటుంది. శక్తి వున్నచోట ప్రమాదమూ వుంటుంది. దానిమీద 9,800 మిల్లీ ఆంపియర్ గంటలు అని రాసి వుంటే అక్కడే వదిలేసి రండి. నిజమైనవి 3,500 దాటటమే అరుదు. 14500 అనేది పెన్సిలు సెల్లంతే వుంటుంది గానీ వోల్టేజి రెట్టింపుకు పైన. సాదా టార్చిలో వేస్తే బల్బు కాలిపోవచ్చు. విడి లిథియం సెల్లుల్ని జేబులో తాళాలతో కలిపి వెయ్యకండి, షార్టయితే నిప్పే. విమానంలో వాటిని చేతి సంచిలోనే తీసుకెళ్ళాలి. రెండు సెల్లులు వేసేచోట పాతదీ కొత్తదీ కలపకూడదు. కొత్తది పాతదాన్ని వెనక్కి నెట్టి కారేట్టు చేస్తుంది.

ఫోను వుందిగా?

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. ఫోను లైటు కళ్ళాపి వెలుగు. నాలుగడుగులు దాటితే చెదిరిపోతుంది. చేతిలోంచి జారితే అద్దం పగులుతుంది. అన్నిటికీ మించి, ఆపద వచ్చినప్పుడు ఫోను 108కి చెయ్యటానికి మిగలాలి. వెలుగు కోసం దాని ప్రాణం తియ్యటం చిన్నాన్న ఎండలో పెట్టిన సెల్లు లాంటి లెక్కే.

ఇది గొప్ప కోసం చెప్పే మాట కాదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని 2020లో ప్రచురించిన ఒక పరిశోధన అంచనా వేసింది. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో మన తెలుగు నేల కూడా వుంది. వారిలో ఎక్కువమంది పల్లెటూళ్ళవారు. టార్చి మందు కాదు. అయినా అడుగు ఎక్కడ పడుతున్నదో చూపిస్తుంది. నడిచేటప్పుడు వెలుగును రెండడుగుల ముందు నేలమీద వుంచండి, కాలికి చెప్పు వుండనివ్వండి. నేలమీద పడుకునేవారు దోమతెర కట్టుకుని టార్చిని దిండు పక్కన పెట్టుకోండి. కట్లపాము నిద్రలో వున్నవారినే ఎక్కువగా కాటేస్తుంది. కాటు పడితే కొయ్యటం, బిగించి కట్టటం చెయ్యకుండా, కదిలించకుండా ఆసుపత్రికి చేర్చాలి.

అలమరలోవి, జేబులోది

ఇక సేకరణ సంగతి. ముప్ఫైనాలుగూ ఒకే రకం అయితే పిచ్చి అనవచ్చు. నాకు అవి పాఠ్యపుస్తకం లాంటివి. నికెల్ పూతవి, మూడు సెల్లుల పొడుగాటివి, తాళంచెవికి వేలాడే నాణెం సెల్లువి, ఎల్.ఇ.డి. వచ్చిన కొత్తల్లో నీలంగా వెలిగినవి. వరసగా పెడితే నూరేళ్ళ చరిత్ర కనబడుతుంది. ఒకే ఒక నియమం: అలమరలో వున్న ఏ టార్చిలోనూ సెల్లు వుండకూడదు. జేబులో వున్నది మాత్రం ఎప్పుడూ నిండుగా వుండాలి. నెలకోసారి, జీతం వచ్చిన రోజున, మూత విప్పి చూసి, మర పళ్ళు గుడ్డతో తుడిచి, ఛార్జి పెడతాను. జేబులో దానంతటదే వెలగకుండా వెనక మూతను పావు చుట్టు వదులు చేస్తాను. చాలా టార్చిలలో దానితో కరెంటు తెగిపోతుంది.

మొదటి అరలో మొదటిది చిన్నాన్న టార్చి. స్ప్రింగు చిలుము గీకి శుభ్రం చేశాను. ఇప్పుడు వెలుగుతుంది కూడా.

పోయిన సంక్రాంతికి వూరికి వెళ్ళినప్పుడు ఆయనకొక చిన్న టార్చి ఇచ్చాను. ఎనభై దాటిన మనిషి. అటూ ఇటూ తిప్పి చూశాడు. సాయంత్రం పెరట్లోకి వెళుతూ దాన్ని చేత్తో పట్టుకున్నాడు గానీ వెయ్యలేదు.

"వెయ్యి చిన్నాన్నా."

"ఇంకా కాస్త వెలుతురుందిగా. దండగ కాదట్రా?"

"దండగేం లేదు. గోడకి పెడితే మళ్ళీ నిండుతుంది."

నా మాట మీద నమ్మకం లేకపోయినా, నా కోసం మీట నొక్కాడు. పెరడంతా తెల్లగా కనిపించింది. ఆయన వెలుగును ముందు తన పాదాల మీదికి తిప్పుకున్నాడు. తర్వాత బావి దాకా, మళ్ళీ వెనక్కి, ఆర్పకుండానే నడిచి వచ్చాడు.

విద్యార్థి మిత్రులారా, హాస్టలు గదిలో మీ పెట్టె అడుగున ఇంటినుంచి తెచ్చుకున్న టార్చి ఒకటి వుండే వుంటుంది. ఈ పుస్తకం మూశాక దాన్నొకసారి విప్పి చూడండి.