అంచు మీద పేలే తూటా

పాయింట్ టూ టూ తూటాను అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలియదు. పొడవు అంగుళం, లావు చిటికెన వేలిలో సగం. ముందు సీసపు గుండు, వెనక ఇత్తడి గొట్టం, ఆ గొట్టం అడుగున గోటికి తగిలే సన్నని అంచు. పేల్చిన తర్వాత ఖాళీ గొట్టాన్ని తిప్పి చూస్తే అంచు మీద ఒకచోట చిన్న నొక్కు కనిపిస్తుంది. తుపాకీ సూది దెబ్బ పడిన చోటది. యుద్ధ రైఫిల్ తూటాలో ఆ నొక్కు అడుగున నట్టనడుమ ఉంటుంది. దెబ్బ నడుమ పడాలా, అంచున పడాలా అన్న ఈ ఒక్క తేడా నుంచే చవక రైఫిల్ అనే యంత్రం పుట్టింది. పైకి సైనికుడి రైఫిల్‌లా ఉంటూ లోపల ఈ చిన్న తూటాను పేల్చే తుపాకీని కొందరు ఆటబొమ్మ అని తీసిపారేస్తారు, కొందరు చూడగానే భయపడతారు. ఇద్దరూ దాని పుట్టుకను చూడలేదని నా అభిప్రాయం. ఇది మొదటినుంచీ బడి తుపాకీ. దాని చవకదనం తూటా నిర్మాణంలోంచి వచ్చింది. దాని విలువను ధరతోనో రూపంతోనో కొలవలేం, గురి కాగితం మీది చిల్లులతోనే తేల్చాలి. అల్లూరి సీతారామరాజు బ్రిటిష్ పాలనతో పోరాడిన, తునికి ఎగువనున్న కొండల చరిత్ర తెలిసినవారికి ఈ మాటలోని బరువు త్వరగా అర్థమవుతుంది.

పంతొమ్మిదో శతాబ్ది మొదట్లో తుపాకీకి మందు వేరు, గుండు వేరు, నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీ వేరు. మూడింటినీ విడివిడిగా అమర్చాకే పేల్చాలి. 1845లో ఫ్రెంచి తుపాకుల తయారీదారు లూయీ నికొలా ఫ్లోబేర్ ఆ టోపీ మూతిలోనే చిన్న గుండును బిగించాడు. వేరే మందు అవసరం లేకుండా, టోపీలోని పేలుడు పదార్థమే గుండును తోసేది. పెద్ద ఇళ్ల హాళ్లలో గురి ఆటకు అది సరిపోయింది. 1857లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఆ టోపీని కాస్త పొడిగించి, లోపల నల్లమందు పోసి, పాయింట్ టూ టూ షార్ట్ తూటాను తెచ్చింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ లాంగ్ రైఫిల్ తూటాను రూపొందించింది. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్నది దాన్నే. దాని కీలకం అంచులో ఉంది. తయారీలో పేలుడు పదార్థాన్ని తడి ముద్దగా గొట్టం అడుగున వేసి గిర్రున తిప్పుతారు. ఆ వేగానికి ముద్ద అంచు చుట్టూ ఉన్న సందులోకి పోయి సర్దుకుంటుంది. తుపాకీ సూది ఆ అంచును నలిపితే రెండు ఇత్తడి పొరల మధ్య పదార్థం నలిగి మండుతుంది, మండి లోపలి మందును అంటిస్తుంది. ఎక్కడైనా ముద్ద సరిగా పరుచుకోకపోతే, సూది సరిగ్గా అక్కడే పడితే తూటా పేలదు. ఇలా అంచు దెబ్బతో పేలే రిమ్‌ఫైర్ తూటాలు అప్పుడప్పుడు మొరాయించడానికి ఇదొక కారణం.

అంచు నలగాలంటే ఇత్తడి పల్చగా, మెత్తగా ఉండాలి. పల్చని ఇత్తడి ఎక్కువ ఒత్తిడిని ఓర్చుకోలేదు. అందుకే ఈ తూటాలో పుట్టే ఒత్తిడి పాత బ్రిటిష్ యుద్ధ రైఫిల్ పేల్చిన పాయింట్ త్రీ నాట్ త్రీ తూటా ఒత్తిడిలో సగానికి లోపే. ఒత్తిడి తక్కువ కాబట్టి, తనంతట తాను తూటా మార్చుకునే రైఫిల్లో కూడా తుపాకీ గొట్టం వెనుక భాగాన్ని బలంగా గడియపెట్టి మూయక్కర్లేదు. బోల్ట్ బరువు, దాని వెనకున్న స్ప్రింగ్ కలిసి గుండు బయటికి పోయేదాకా ఆపితే చాలు. ఈ పద్ధతినే బ్లోబ్యాక్ అంటారు. గడియలు, వాటిని తిప్పే భాగాలు, వాటికి కావలసిన గట్టి ఉక్కు, సూక్ష్మమైన చెక్కుడు పని అన్నీ తప్పిపోతాయి. తుపాకీ దేహాన్ని తేలిక లోహంతోనో ప్లాస్టిక్‌తోనో పోత పోయవచ్చు. 2009లో స్మిత్ అండ్ వెసన్ తెచ్చిన ఎం అండ్ పీ 15-22 రైఫిల్ దేహం ప్లాస్టిక్కే. పైన చూస్తే అమెరికా సైన్యపు ఎం-16 పోలిక, లోపల బ్లోబ్యాక్. అంచు మెత్తదనం నుంచి ప్లాస్టిక్ దేహం దాకా ఒకదాని వెనక ఒకటి తప్పనిసరిగా వచ్చిన ఫలితాలివి. ప్లాస్టిక్‌ను చూసి నాసిరకమనుకునేవారు ఈ వరుసను గమనించాలి. మోయవలసిన బరువు తగ్గినప్పుడు దూలం సన్నబడితే అది లోపం కాదు.

మరి ఇంత చిన్న తూటాకు సైనిక వేషం ఎందుకు? దీనికి జవాబు సైన్యాల లెక్కల పుస్తకాల్లో ఉంది. బ్రిటిష్ సైన్యం 1880ల్లోనే మార్టినీ హెన్రీ రైఫిల్ గొట్టంలోకి మోరిస్ ట్యూబ్ అనే సన్నని గొట్టాన్ని దూర్చి, చిన్న తూటాలతో సాధన చేయించింది. 1899-1902 బోయర్ యుద్ధంలో బోయర్ రైతుల గురి ముందు తమ సైనికుల గురి చాలలేదని గ్రహించాక, బ్రిటిష్ సేనాని లార్డ్ రాబర్ట్స్ ప్రోత్సాహంతో బ్రిటన్‌లో చిన్న తూటా రైఫిల్ క్లబ్బులు పెరిగాయి. లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టాన్ని పాయింట్ టూ టూకు మార్చి శిక్షణకు వాడారు. బరువు, బోల్టు, భుజానికి ఆనే మడమ, గురి చూసే సైట్లు అన్నీ అసలు రైఫిల్‌వే. మారినవి గొట్టపు రంధ్రం, సూది దెబ్బ పడే చోటు, తూటా మాత్రమే. పాయింట్ త్రీ నాట్ త్రీ గుండు 11.3 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 740 మీటర్లు. పాయింట్ టూ టూ గుండు 2.6 గ్రాములు, వేగం సుమారు 330 మీటర్లు. గుణిస్తే భుజాన్ని తన్నే జోరులో దాదాపు పది రెట్ల తేడా. ఆ తన్నుకు భయపడి మీట నొక్కేముందే కళ్లు మూసుకునే అలవాటు కొత్తవాడికి పట్టుకుంటే వదిలించడం కష్టం. చిన్న తూటా ఆ భయాన్ని పుట్టనివ్వదు. చేతులు, భుజం, కన్ను మాత్రం అసలు రైఫిల్ పాఠాన్నే నేర్చుకుంటాయి. సైనిక రూపానికి అర్థం ఇదే.

తూటాల లెక్క ఎంత కఠినమైనదో తెలియాలంటే తునికి ఎగువనున్న కొండలవైపు చూడాలి. అల్లూరి సీతారామరాజు కుటుంబం కొంతకాలం తునిలోనే ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను ఆయన దళం ముట్టడించింది. మూడు చోట్లా కలిపి చేజిక్కినవి 26 తుపాకులు, సుమారు 2500 తూటాలు. భాగిస్తే తుపాకీకి వందలోపు. పోరాడాలన్నా వాటితోనే, గురి నేర్చుకోవాలన్నా వాటితోనే. 1878 ఆయుధ చట్టం కింద లైసెన్సు లేని భారతీయుడు తుపాకీ పట్టరాదు కాబట్టి అంతకుముందు నేర్చుకునే దారీ లేదు. విల్లు ఎక్కుపెట్టడంలో ఆరితేరిన మన్యం మనుషులకు గురి చూపు కొరవడలేదు, సాధనకు ఖర్చుపెట్టగల తూటా కొరవడింది. తుపాకీ విద్యకు తుపాకీ కంటే తూటాయే ప్రాణం అనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు. స్వతంత్ర భారతం 1948లో చట్టం చేసి విద్యార్థులకు సైనిక శిక్షణనిచ్చే ఎన్‌సీసీని ఏర్పాటు చేసింది. ఆ శిక్షణలో క్యాడెట్ల చేతికి వచ్చింది ఈ పాయింట్ టూ టూ రైఫిలే. 25 మీటర్ల రేంజిలో నేలమీద బోర్లా పడుకుని ఐదేసి తూటాలు పేల్చే విద్యార్థి, తుపాకీ పట్టే హక్కే లేని తరం తర్వాత వచ్చిన మనిషి. ఆ మార్పుకు సాధనమైన యంత్రాన్ని ఆటబొమ్మ అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అయితే చవకగా వచ్చిన ప్రతి రైఫిలూ మంచిదని ఈ వాదనకు అర్థం కాదు. పరీక్షించి చూడాల్సిందే, ఆ పరీక్షకు ఒక పద్ధతి ఉంది. రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, ఒకే రకం తూటాలతో, ఒకే గురితో ఐదు పేల్చాలి. చిల్లులన్నీ దగ్గర దగ్గరగా పడి, గుంపంతా మధ్య నుంచి పక్కకు ఉంటే రైఫిల్ మంచిదే, సైట్లు సరిచేస్తే చాలు. చిల్లులే చెల్లాచెదురైతే తప్పు తుపాకీదో తూటాదో పేల్చేవాడిదో వెతకాలి. 25 మీటర్ల దగ్గర ఐదు చిల్లులూ రూపాయి నాణెం కింద దాగితే చవక రైఫిల్‌కు అది మెచ్చదగ్గ పనితనం. ఒక్క గుంపును చూసి తీర్పు చెప్పకూడదు. ఐదు చిల్లుల గుంపు అదృష్టంతో బిగువుగా పడవచ్చు, అందుకే కనీసం ఐదారు గుంపులు చూడాలి. తర్వాత తూటా రకం మార్చి మళ్లీ పేల్చాలి. ఈ గుండు 50 మీటర్లు పోయేసరికి గొట్టం చూపిన గీత నుంచి సుమారు 12 సెంటీమీటర్లు దిగుతుంది. తూటాకూ తూటాకూ వేగంలో సెకనుకు 10 మీటర్ల తేడా ఉంటే ఆ దిగడంలో దాదాపు 7 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అంతర్జాతీయ పోటీల్లో 50 మీటర్ల గురి కాగితం మీద పది పాయింట్ల వృత్తం వెడల్పే 10.4 మిల్లీమీటర్లు. చిల్లులు నిలువుగా సాగితే తూటాల వేగం నిలకడగా లేదేమోనని ముందు అనుమానించాలి. 25 మీటర్లలో ఇదే తేడా రెండు మిల్లీమీటర్లకు మించదు, అందుకే నేర్చుకునేవారికి ఆ దూరం అనుకూలం.

దీనంతటికీ బదులు ఎయిర్ రైఫిల్ చాలదా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలో బలం ఉంది. ఎయిర్ రైఫిల్ గుళ్లు ఇంకా చవక, 10 మీటర్ల హాలు సరిపోతుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది దాంతోనే. మొదటి మెట్టుగా దాన్ని నేనూ ఒప్పుకుంటాను. కానీ హాలులో గాలి వీచదు. ఆరుబయట 50 మీటర్లలో గాలిని చదవడం, పేలని తూటాను గొట్టం ముందుకే ఉంచి ఓపికగా ఆగి తీయడం, తుపాకీ గొట్టం ఖాళీ అయిందని చూపించాకే లేవడం, ఈ క్రమశిక్షణ పేలే తూటా దగ్గరే అలవడుతుంది. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల రైఫిల్ పోటీ ఈ తూటాదే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకాలు గెలిచిన 25 మీటర్ల పిస్టల్ పోటీలోనూ ఇదే తూటా.

ఇంకో అభ్యంతరం మరింత బరువైనది. యుద్ధ తుపాకీ రూపం యువకుల్లో హింస మీద మోజు పెంచదా? చిన్నదైనా ఇది ప్రాణం తీసేదే కదా? నిజమే, తీస్తుంది. అడ్డు లేకపోతే ఈ గుండు కిలోమీటరు దాటి పోగలదు, అందుకే రేంజి చివర మట్టి గట్టు లేనిదే ఎవరూ పేల్చకూడదు. సైనిక రూపం శిక్షణలో భాగమైనప్పుడే దానికి అర్థం. గురువు, రేంజి, నియమం లేని చేతిలో ఆ రూపం వల్ల లాభమేమీ లేదు, చూసేవారికి భయం మాత్రం మిగులుతుంది. ఈ తేడాను మన చట్టం గుర్తించింది. 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్ పాయింట్ టూ టూ రైఫిల్‌ను పేరు పెట్టి ప్రస్తావించి, కేంద్రం గుర్తించిన రైఫిల్ క్లబ్ సభ్యుడికి గురి సాధన కోసం లైసెన్సు ఇచ్చే దారిని చూపింది. కొన్ని దేశాల్లో దుకాణంలో బేరమాడి కొనుక్కునే వస్తువు, తుని మనిషికి క్లబ్బు, లైసెన్సు దాటాకే అందుతుంది. ఇది సరైన వరుస అని నమ్ముతున్నాను. ముందు బడి, తర్వాతే తుపాకీ.

ఎన్‌సీసీ ఫైరింగ్ ముగిశాక ఖాళీ గొట్టాలను ఏరి, లెక్కపెట్టి అప్పగిస్తారు. ఐదు ఇస్తే ఐదూ తిరిగి రావాలి. ప్రతి గొట్టం అంచు మీదా ఒక నొక్కు, ఎదురుగా కాగితం మీద దానికి జవాబుగా ఒక చిల్లు. 1922లో తునికి ఎగువ కొండల్లో తూటాలను లెక్కపెట్టుకున్నవారికి సాధన కోసం వాటిని ధారాళంగా ఖర్చుపెట్టే వీలు లేకపోయింది. ఇవాళ నేర్చుకోవడం కోసమే ఐదు తూటాలు విద్యార్థి చేతిలో పెట్టగలుగుతున్నాం. చవక తూటా మనకు చేసిన మేలు అది.