ఫుప్ఫుసావరణపు కాన్సరు - దశానిర్ణయము

మన ఊపిరితిత్తులను ఒక పలుచని పొర కప్పియున్నది. ఆ పొరయే వెనుకకు మరలి, ఛాతీ గోడ లోపలివైపున అస్తరువలె అంటియుండును. రెంటి నడుమ కొద్దిపాటి ద్రవముండుటచే, ఊపిరి పీల్చినప్పుడెల్ల అవి ఒరసికొనక జారుచుండును. ఈ ఫుప్ఫుసావరణమునకు వచ్చు కాన్సరును మీసోథీలియోమా అందురు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్, ఆయన సహచరులు 33 మంది రోగులను వర్ణించి, దీనికి రాతినార, అనగా ఆస్బెస్టాస్, ధూళితో సంబంధమున్నదని చూపిరి. ధూళి సోకిన తరువాత వ్యాధి బయటపడుటకు తరచు 30, 40 ఏండ్లు పట్టును. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున రాతినార గనులుండెడివి. మన యిండ్లపై కప్పు సిమెంటు రేకులలో ఇప్పటికిని ఈ నారను కలుపుచున్నారు.

వ్యాధి ఎంతవరకు ప్రాకినదో తేల్చుటయే దశానిర్ణయము. శస్త్రచికిత్సకు పూనుకొనవలెనా, మందులతోనే నడపవలెనా అనునది దీనిపై ఆధారపడును. ఛాతీ తెరచిన పిమ్మట తొలగింప వీలులేదని మూసివేయవలసి వచ్చినచో, రోగికి కోత బాధయే మిగులును.

ఊపిరితిత్తిలో పుట్టు కాన్సరు సాధారణముగా ఉసిరికాయవలె గడ్డకట్టును. దాని అడ్డుకొలత చెప్పవచ్చును. మీసోథీలియోమా అట్లుకాదు. గిన్నె గోడలకంటిన మీగడవలె పరచుకొనును. మీగడకు వ్యాసమెక్కడిది? అందుచే చాలకాలము, పొర ఏయే అంగములలోనికి చొచ్చినదో మాత్రమే చూచెడివారు. 2024లో వెలువడిన అంతర్జాతీయ వర్గీకరణపు 9వ కూర్పులో ఒక ఉపాయము చేర్చిరి. ఛాతీని పై, నడిమి, క్రింది భాగములుగా విభజించి, సి.టి. చిత్రమునందు ఒక్కొక్క భాగములో పొర మిక్కిలి దళసరిగానున్న చోట కొలిచి, మూడింటిని కూడుదురు. మొత్తము 12 మిల్లీమీటర్లు, 30 మిల్లీమీటర్లు అనునవి హద్దులు. బడిపిల్లవాని స్కేలుపై కనబడు కొలతలే యివి! చొచ్చుకొనిన అంగముల లెక్కయు దీనితోపాటు ఉండనే యున్నది.

సి.టి. యంత్రము ఎక్స్-కిరణములను శరీరము చుట్టును త్రిప్పి అడ్డుకోతల చిత్రములు తీయును. కాని అందులో కండరము, కాన్సరు పొర ఇంచుమించు ఒకే ఛాయలో కనబడును. ఛాతీ గోడలోనికి, ఉదరవితానములోనికి వ్యాధి చొచ్చినదా అను సందేహమును ఎం.ఆర్.ఐ. కొంత మెరుగుగా తీర్చును.

పెట్ చిత్రము త్రోవ వేరు. కాన్సరు కణములు గ్లూకోజును అధికముగా గ్రహించును. రేడియోధార్మిక ఫ్లోరిన్-18 చేర్చిన గ్లూకోజువంటి పదార్థమును నరములోనికెక్కించి, సుమారు గంట తరువాత చిత్రము తీయుదురు. ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషములే గనుక జాగు పనికిరాదు. దానినుండి వెలువడు పాజిట్రాను ఒక ఎలక్ట్రానుతో కూడి నశించి, ఎదురెదురు దిక్కులకు రెండు గామా కిరణములను పంపును. వానిని పట్టి, అవి బయలుదేరిన తావును గుర్తింతురు. సి.టి.లో కనబడని దూరపు వ్యాప్తి ఇందులో బయటపడవచ్చును.

అయితే గ్లూకోజును హెచ్చుగా గ్రహించునది కాన్సరొక్కటియే కాదు. క్షయ సోకిన గ్రంథియు వెలుగును. ఛాతీలో నీరు మరల చేరకుండ పొరలను అంటించుటకు టాల్కు పొడి చల్లియున్నచో, అందువలని వాపు ఏండ్లు గడచినను కాన్సరువలెనే మెరయును. కనుక వీలైనంతవరకు పొడి చల్లుటకు ముందే పెట్ తీయించుట మేలు. క్షయ హెచ్చుగానున్న మన దేశమున, వెలిగిన గ్రంథినుండి సూదితో కణములు తీసి సూక్ష్మదర్శినిలో చూడకయే కాన్సరు ప్రాకినదని తీర్మానించుట తొందరపాటు. ఉదరవితానమును దాటి కడుపులో పడిన చిన్న మచ్చలు ఈ మూడు చిత్రములకును చిక్కకపోవుట కలదు. శస్త్రచికిత్సకు ముందు కొందరు వైద్యులు కడుపులోనికి సన్నని గొట్టపు దుర్బిణిని పంపి చూచుట అందులకే.